రక్తనాళానికి ముడివేసిన హకీం – అబుల్ ఖాసిం అల్ జహ్రావీ

బూఅలీ సీనా పేరు మన ఇళ్లలో పెద్దల నోట, యునానీ హకీముల నోట వింటూనే ఉంటాం. ఆయన కంటే ఒక తరం ముందు పుట్టి, శస్త్రచికిత్సకు దారి వేసిన అబుల్ ఖాసిం అల్ జహ్రావీ గురించి తెలిసినవారు మాత్రం మనలో తక్కువే. ఐరోపా వాళ్లు ఆయన్ని అల్బుకాసిస్ అని పిలుచుకున్నారు. ఆ మహనీయుణ్ణి గురించి ఈ నాలుగు మాటలు.

జహ్రావీగారు క్రీ.శ. 936 ప్రాంతంలో స్పెయిన్ దేశంలో, ఖుర్తుబా నగరం పక్కనున్న మదీనతుజ్ జహ్రాలో జన్మించారు. ఆ ఊరి పేరే ఆయన పేరులో చేరిపోయింది. వంశం మదీనా అన్సారీలది. ఆయన జీవిత విశేషాలు మనకు దక్కింది కొద్దిగానే. 1010లో అంతర్యుద్ధంలో ఆ రాజనగరం దోపిడీకి గురై పాడుపడింది. 1013 ప్రాంతంలో ఆయన కన్నుమూశారు. ఊరు పోయింది గాని, ఆయన రాసిన గ్రంథం నిలిచింది.

ఆ గ్రంథమే కితాబుత్ తస్రీఫ్. మొత్తం 30 భాగాలు. దాదాపు 50 ఏళ్ల అనుభవాన్నంతా అందులో పెట్టి, 1000వ సంవత్సరం ప్రాంతంలో పూర్తిచేశారు. చివరిదైన 30వ భాగం పూర్తిగా శస్త్రచికిత్స మీద. సుమారు 200 పరికరాల బొమ్మలు కూడా గీయించి పెట్టారు. శిష్యుల్ని బిడ్డలారా అని పిలుస్తూ, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పినట్టే రాశారు.

ఆ భాగం ఎందుకు రాయవలసి వచ్చిందో మొదట్లోనే చెప్పారు. ఒక స్త్రీకి మెడ మీద గడ్డ లేచింది. శరీర నిర్మాణం తెలియని ఒక వైద్యుడు దానికి కత్తిపెట్టాడు. మెడలోని ధమనులు తెగిపోయాయి. నెత్తురు ఆపడం ఆయనకు చేతకాలేదు. ఆమె అతని కళ్లముందే కూలి ప్రాణం విడిచింది. ఇది జహ్రావీగారు స్వయంగా చూసిన సంగతి. లోపల ఏ నాళం ఎటు పోతుందో చదవకుండా కత్తి ముట్టుకోవడం మనిషిని చంపడమేనని శిష్యులకు గట్టిగా నేర్పారు.

ధమని తెగి నెత్తురు చిమ్ముతుంటే ఆపడానికి నాలుగు మార్గాలు చెప్పారు. ఒకటి, కాల్చిన ఇనుముతో వాత పెట్టడం. రెండు, నాళం సగమే తెగి ఉంటే పూర్తిగా తెంపేయడం. అప్పుడు కొసలు రెండూ లోపలికి ముడుచుకుని నెత్తురు ఆగుతుంది. మూడు, దారంతో గట్టిగా ముడివేయడం. నాలుగు, మందు అద్ది బిగించి కట్టు కట్టడం. ఈనాటి ఆపరేషన్ గదిలో కూడా నాళానికి దారం ముడి వేస్తారు, వాత బదులు కరెంటుతో కాలుస్తారు.

ధమని గోడ బలహీనపడి ఉబ్బితే దాన్ని డాక్టర్లు ఇప్పుడు అనూరిజం అంటారు. పైకి మామూలు గడ్డలాగే కనిపిస్తుంది. చేత్తో తాకి దాన్ని ఎలా గుర్తుపట్టాలో ఆయన వివరించారు. నాళాన్ని బయటికి తీసి, అటూ ఇటూ ముడివేసి, మధ్యలో కోయమన్నారు. చంకలో, గజ్జలో, మెడలో పెద్దగా ఉంటే ముట్టుకోవద్దన్నారు. చేయగలిగింది ఏదో, చేయకూడనిది ఏదో రెండూ చెప్పిన నిజాయితీ చూడండి!

కాళ్ల మీద నరాలు ఉబ్బి, నల్లగా మెలికలు తిరగడం మన ఊళ్లలోనూ చూస్తాం. నిజానికి అవి నరాలు కావు, సిరలు. డాక్టర్లు వెరికోస్ వీన్స్ అంటారు. ఈ జబ్బు ఎక్కువగా నడిచేవాళ్లకు, కూలీలకు, బరువులు మోసేవాళ్లకు వస్తుందని జహ్రావీగారు రాశారు. మనం వాడే హమాలీ అన్న మాట కూడా అరబ్బీదే. కాలికి పైనుంచి కట్టుకట్టి, సిర ఉబ్బేలా చేసి, చిన్న కోతలతో దాన్ని బయటికి లాగి తీసే పద్ధతి ఆయన వర్ణించారు. మత్తుమందు లేని రోజులవి. ఆ కూలీ ఎంత ఓర్చుకుని ఉంటాడో!

12వ శతాబ్దంలో తులైతులా, అంటే టొలీడో నగరంలో, క్రెమోనాకు చెందిన గెరార్డ్ ఈ భాగాన్ని లాటిన్‌లోకి మార్చాడు. వందల ఏళ్లు ఐరోపా వైద్యులు దాన్ని చదువుకున్నారు. 1552లో కాలు తీసేటప్పుడు ధమనికి ముడివేసిన ఫ్రెంచి వైద్యుడు ఆంబ్రోజ్ పారేకు పేరొచ్చింది. జహ్రావీగారు ఆ సంగతి అంతకు 550 ఏళ్ల ముందే రాసిపెట్టారు.

ఆయనకు తెలియనిదీ ఉంది. రక్తం శరీరమంతా చుట్టి తిరుగుతుందన్న సంగతి ఆనాటికి ఎవరికీ తెలియదు. గుండె నుంచి ఊపిరితిత్తుల గుండా రక్తం పోయే దారిని 13వ శతాబ్దంలో ఇబ్నున్నఫీస్ చెప్పారు. పూర్తి ప్రసరణను 1628లో విలియం హార్వే నిరూపించాడు.

ఈనాడు స్కానింగ్‌తో నాళం లోపల రక్తం ఎలా పారుతోందో చూడవచ్చు. ఉబ్బిన సిరల్ని లేజరుతో మూసేస్తున్నారు. అయినా మనవాళ్లు కాలినొప్పిని వయసు మీద తోసేసి కూర్చుంటారు. నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గుతుంటే అది ధమని సన్నబడిన గుర్తు కావచ్చు. బీడీ, సిగరెట్టు తాగేవారికి, షుగరు ఉన్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ. పాదం మీద పుండు మానకపోతే, చిట్కాలు చెప్పేవారి దగ్గరికి, కత్తిపట్టే మిడిమిడి జ్ఞానం వారి దగ్గరికి పోకండి. చదువుకున్న డాక్టరుకు వెంటనే చూపించండి. వెయ్యేళ్ల క్రితం ఆ పేరు తెలియని స్త్రీ చావును చూసి జహ్రావీగారు చెప్పింది కూడా ఇదే.