పట్టాభి గారి జీవితం - షేర్లు కొనేవారికి పాఠం

మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో పదవీ విరమణ చేసిన వారి చేతికి గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము రాగానే షేర్లు కొనమని సలహా చెప్పేవారు ఎక్కువయ్యారు. కంపెనీని దేన్ని చూసి నమ్మాలి అన్న విషయంలో డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య గారి జీవితం కంటె మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. అందుకే ఆయనను గురించి వ్రాస్తున్నాను.

పట్టాభి గారు 1880 నవంబరు 24న గుండుగొలను గ్రామంలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మద్రాసులో వైద్యవిద్య పూర్తిచేసి మచిలీపట్నంలో ప్రాక్టీసు పెట్టారు. తరువాత దానిని వదలి దేశసేవలో దిగారు.

1906 అక్టోబరులో మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసింది. దొరల పేరు చూసి సొమ్ము దాచుకున్న వేలాది కుటుంబాలు నష్టపోయాయి. యజమానికి జైలుశిక్ష పడినా పోయిన సొమ్ము పూర్తిగా తిరిగి రాలేదు. ఆ మరుసటి సంవత్సరమే మద్రాసులో ఇండియన్ బ్యాంకు పుట్టింది.

1923 నవంబరులో పట్టాభి గారు మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. చెల్లించిన మూలధనం 1 లక్ష రూపాయలు మాత్రమే. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు, 1929లో భారతలక్ష్మీ బ్యాంకు వచ్చాయి. 1942 నుండి దాదాపు 3 సంవత్సరాలు ఆయన అహ్మద్‌నగర్ కోటలో ఖైదీగా ఉన్నారు. అప్పుడూ బ్యాంకు ఆగలేదు. ఒక్క మనిషి లేకపోతే మూతపడని సంస్థే మంచి యాజమాన్యానికి గుర్తు అని నా అభిప్రాయం. 1948లో కాంగ్రెసు అధ్యక్షులై, 1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేసి, 1959 డిసెంబరు 17న పరమపదించారు.

అయితే స్థాపకుని పేరు షేరు ధరకు శాశ్వతంగా కాపలా కాయదు. ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమైంది. 2001లో 10 రూపాయలకు షేరు ప్రజలకు అమ్మింది. తరువాతి కాలంలో మొండి బాకీలు పెరిగి ధర బాగా పడిపోయింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనప్పుడు 1000 షేర్లకు 325 షేర్లు ఇచ్చారు. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ లెక్కలు తప్పుడివని బయటపడినప్పుడు కూడా పేరు చూసి కొన్నవారే దెబ్బతిన్నారు.

ధర్మవరంలో పట్టుచీర కొంటే జరీని, నేతను తిప్పి చూస్తాము. హిందూపురంలో బెల్లం నోట వేసుకోనిదే బేరమాడము. షేరుకూ అంతే. డైరెక్టర్లు ఎవరు, యాజమాన్యం తన షేర్లను తాకట్టు పెట్టిందా, ఆడిటరు ఏమి వ్రాశాడు, అప్పు ఎంత, డివిడెండు లాభంలో నుండి ఇస్తున్నారా అన్నవి వార్షిక నివేదికలో చూడాలి. షేరు ధర ఎన్ని సంవత్సరాల ఆదాయానికి సమానమో లెక్క వేయాలి. షేరు ధరను షేరుకు వచ్చే వార్షిక లాభంతో భాగిస్తే చాలు. 100 రూపాయల షేరుకు 5 రూపాయల లాభం వస్తే అది 20 సంవత్సరాల లాభం. అదే రకం వ్యాపారం చేసే ఇతర కంపెనీలతో పోల్చి చూస్తే ధర ఎక్కువో తక్కువో తెలుస్తుంది.

ఇల్లు గడవటానికి, వైద్యానికి కావలసిన సొమ్మును పోస్టాఫీసులోనో బ్యాంకులోనో భద్రపరచుకుని, మిగిలిన దానిలో కొంత మాత్రమే షేర్లలో పెట్టవలసిందిగా సోదర పింఛనుదారులను కోరుతున్నాను. ఆ నివేదిక చదివేటప్పుడు ఇంటివారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. మన తదనంతరం ఆ కాగితాలు చూసుకోవలసినది వారే.