ఎమీ జాన్సన్: లండనునుండి డార్వినునకు

1930వ సంవత్సరము మే నెల 5వ తేదీ యుదయమున లండను సమీపమందలి క్రాయ్‌డన్ విమానాశ్రయమునుండి యొక చిన్న విమానము బయలుదేఱెను. దానిని నడపినది 26 ఏండ్ల యువతి. ఆమె చేరదలచినది 11,000 మైళ్ల దూరమున ఆస్ట్రేలియా యుత్తర తీరమందున్న డార్విన్ పట్టణము. ఆమె చరిత్రము మన విద్యార్థుల కుపయుక్తమగునని తలంచి యిచ్చట సంగ్రహముగ వ్రాయుచున్నాము.

ఎమీ జాన్సన్ 1903వ సంవత్సరము జూలై 1వ తేదీన ఇంగ్లండులోని హల్ పట్టణమున చేపల వర్తకుని యింట జన్మించెను. షెఫీల్డు విశ్వవిద్యాలయమున పట్టము నొంది, లండనులో నొక న్యాయవాది కార్యాలయమున ఉద్యోగము చేయుచు, తీరిక వేళల విమానము నడపుట నేర్చుకొనెను. అంతటితో తృప్తి నొందక, చేతులకు నూనెయు మసియు నంటుటకు వెఱవక, యంత్రమును విప్పి కూర్చుటయు నభ్యసించి, 1929లో రెంటికిని యోగ్యతాపత్రములు గడించెను. తండ్రియు వేక్‌ఫీల్డు ప్రభువును ధనసాహాయ్యము చేయగా, ఇతరులు వాడిన విమానము నొకదానిని కొని జేసన్ అని పేరిడెను.

1928లో బెర్ట్ హింక్లర్ అను నాతడు ఇంగ్లండునుండి డార్వినునకు 15½ దినములలో చేరియుండెను. ఆ కాలమును తగ్గింపవలయునని యామె సంకల్పము. ఆఱు దినములలో కరాచీ చేరునప్పటికి ఆమె హింక్లరుకంటె రెండు దినములు ముందుండెను. పిమ్మట పెట్రోలు చాలక ఝాన్సీలో సైనికుల కవాతు మైదానమున దిగవలసివచ్చెను. రంగూను చెంత వానలో దారి కానక, ఇన్‌సీన్‌లో నొక యాటస్థలమున దిగగా, విమానము గోతిలోనికి దూసికొనిపోయి ఱెక్కయు చక్రముల యమరికయు దెబ్బతినెను. అచ్చటి సాంకేతిక పాఠశాల యుపాధ్యాయులును విద్యార్థులును కూడి శ్రమించి దానిని బాగుచేసిరి. మొదటి ప్రపంచయుద్ధమున మిగిలిన విమానపుబట్టతో అచ్చటివారు కుట్టించుకొనియున్న చొక్కాలను తెప్పించి, చించి, ఱెక్కకు అతికిరి. ఇట్లు రెండు దినములకు మించి గడచిపోయెను. హింక్లరును మించు నాశ యడుగంటెను. అయినను ఆమె వెనుదిరుగలేదు. తిమోరు సముద్రముపై సుమారు 500 మైళ్లు ఒంటరిగ నెగిరి, మే 24వ తేదీన డార్విన్ చేరెను. పట్టిన కాలము 19½ దినములు. ఆ దూరమును ఒంటరిగ దాటిన స్త్రీలలో ఆమెయే మొదటిది.

ఆ విమానము గంటకు సుమారు 80 మైళ్లు పోవును. ఎడతెగక పోగలిగినచో ఈ దూరము ఆఱు దినములలోనే ముగియును. తక్కిన దినములన్నియు నేలమీదనే, పెట్రోలు నింపుటకును, యంత్రమును శుభ్రపఱచుటకును, విఱిగినదానిని కూర్చుటకును, విశ్రమించుటకును వ్యయమయ్యెను. 2018లో లండను, పెర్తు నగరముల నడుమ సుమారు 14,500 కిలోమీటర్ల దూరమును ఎచ్చటను దిగక 17 గంటలలో దాటు విమానములు మొదలైనవి. ఆ గంటలవెనుక ఇట్టి దినము లున్నవని మనము మఱువరాదు.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఎమీ జాన్సన్ సైన్యమునకు విమానములను చేరవేయు పనియందుండి, 1941 జనవరి 5వ తేదీన చెడు వాతావరణములో థేమ్సు నదీముఖమున పడి మరణించెను. ఆమె దేహము దొరకలేదు. జేసన్ మాత్రము లండనులోని సైన్సు మ్యూజియమున భద్రముగ నున్నది.

పందెము చేజాఱియు గమ్యమును విడువని యీ యువతిని, ఇన్‌సీన్‌లో పనిముట్లు చేతబట్టి యామెకు తోడ్పడిన విద్యార్థులను, మన బాలబాలికలు జ్ఞప్తియం దుంచుకొందురుగాక యని కోరుచున్నాము.