ఢిల్లీ నుంచి దక్కనుకు: మర్హూం గులాం యజ్దానీ సాహెబ్

రావిర్యాల నుంచి పట్నం పోయి నాంపల్లి బాగే ఆమ్‌లో మ్యూజియం చూసి వచ్చిన మన పిల్లలు ముందుగా చెప్పేది ఈజిప్టు మమ్మీ సంగతే. ఆ మ్యూజియం వెనక ఎవరున్నారని అడిగితే మాత్రం పెద్దలు కూడా తడుముకుంటారు. అందుకని మర్హూం జనాబ్ గులాం యజ్దానీ సాహెబ్ గారి జీవితాన్ని, వారు మెలగిన చోట్లను ఈ సంచికలో సభ్యుల ముందు ఉంచుతున్నాము.

వారు 1885 మార్చి 22న ఢిల్లీలో పుట్టారు. చదువు కూడా అక్కడే, సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలో. కొన్నాళ్ళు కాలేజీల్లో పాఠాలు చెప్పారు. 1914లో నిజాం సర్కారు ఆసారె ఖదీమా, అంటే పురావస్తు శాఖ, కొత్తగా పెట్టి ఆయన చేతిలో పెట్టింది. అప్పటికి వయసు 29. 1943లో పెన్షన్ తీసుకునే దాకా దానికి ఆయనే డైరెక్టరు.

దఫ్తరు హైదరాబాదులోనే అయినా పని మాత్రం రాజ్యమంతటా పరచుకొని ఉండేది. అన్నిటికన్నా పెద్ద పని అజంతా. వెనకటి శతాబ్దంలో బొమ్మలకు నకళ్ళు తీసినవారు పూసిన వార్నిష్ నల్లబడిపోయింది, రంగులు పెచ్చులూడుతున్నాయి. 1920-22 నడుమ ఇటలీ నుంచి చెక్కోని, ఒర్సీని అనే ఇద్దరు నిపుణులను రప్పించి, ఊడే పొరలను గోడకు నిలబెట్టించారు. అప్పటి లక్క పూత తర్వాత పసుపు తిరిగిందని ఇప్పటి నిపుణులు తప్పు పడతారు. నిజమే. కాని ఆ రోజు రాలిపోయి ఉంటే ఇవాళ శుభ్రం చేయడానికి ఏం మిగిలేది? అజంతా మీద వారి గ్రంథం నాలుగు భాగాలు. మొదటిది 1930లో వస్తే, చివరిది 1955లో, పెన్షన్ పుచ్చుకున్న 12 ఏళ్ళకు వచ్చింది.

పాలంపేట గుళ్ళ మీద 1922లోనే పుస్తకం రాశారు. ఆ రామప్పకే 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కింది. బౌద్ధుల గుహలనూ, శివాలయాన్నీ, బీదరు మదరసానూ ఒకే శ్రద్ధతో చూసిన మనిషి. అరబ్బీ, ఫారసీ శాసనాలను అచ్చువేసే భారత ప్రభుత్వ సంచికలకు ఏళ్ళ తరబడి సంపాదకుడు కూడా వారే. ఈ మాట ఎందుకంటే, మసీదుకో దర్గాకో మరమ్మతు పెట్టినప్పుడు గోడలోని రాతపలకకు కూడా సున్నం కొట్టేయడం మనలో మామూలైపోయింది. ఆయన అటువంటి పలకలనే ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివించారు.

మ్యూజియం 1931లో తెరిచారు. నాణేలు, శిల్పాలు, బిద్రీ సామాన్లు, ఆయుధాలు, చేతిరాత గ్రంథాలు అక్కడ చేరాయి. పిల్లలు చెప్పే ఆ మమ్మీ ఆరో నిజాం గారి అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ తెచ్చినది.

1956లో రాష్ట్రాలు విడిపోయి అజంతా బొంబాయికి, బీదరు మైసూరుకు పోయాయి. 1959లో పద్మభూషణ్ వచ్చింది. మరుసటి ఏడు వారి సంపాదకత్వంలో దక్కను ప్రాచీన చరిత్ర వెలువడింది. 1962 నవంబరు 13న కన్నుమూశారు. కుమార్తె జుబైదా యజ్దానీ ఆక్స్‌ఫర్డులో చదివి, తానూ హైదరాబాదు చరిత్ర మీదే పుస్తకాలు రాశారు.