ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్: శిష్యత్వము, గురుత్వము

తర్కవ్యాకరణములను గురుముఖమున విని, వల్లించి, చింతించి సాధింపవచ్చును. రసాయనశాస్త్రమో, గురువు ప్రక్కన నిలిచి, చేతులు కాల్చుకొని, గాజుగొట్టములు పగులగొట్టుకొని నేర్వవలసిన విద్య. అట్టి విద్యాశాలలో నొక వంగదేశపు బాలుడు శిష్యుడుగా నెట్లు చేరెనో, పిదప తానే యట్టి శాల నెట్లు నెలకొల్పెనో ఈ సంచికను చదువు పెద్దలకును పిన్నలకును విన్నవింప దలచితిని.

ప్రఫుల్లచంద్రుడు 1861వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన రారూలి గ్రామమున జన్మించెను. ఆ గ్రామ మిప్పుడు బంగ్లాదేశమునందలి ఖుల్నా ప్రాంతములో నున్నది. తండ్రి హరిశ్చంద్ర రాయ్ భూస్వామి, పారసీకాంగ్లభాషలు నేర్చినవాడు, ఇంట మంచి గ్రంథాలయము నేర్పరచుకొన్న రసికుడు. పిల్లల చదువునకై యాయన 1870లో కాపురమును కలకత్తాకు మార్చెను. హేర్ పాఠశాలలో చదువుచుండగా 1874లో బాలునకు గ్రహణిరోగము సోకి రెండేండ్లు బడి మాన్పించినది. ఆ రోగము వలన దేహము జీవితాంతమును దుర్బలమయ్యెను గాని, తండ్రి పుస్తకముల బీరువా లాభించినది. మంచముపట్టిన బాలుడు తనంతట తానే లాటిను మొదలుపెట్టెను.

తరువాత విద్యాసాగరులవారి మెట్రోపాలిటన్ విద్యాలయమున చేరి, రసాయనోపన్యాసములకు మాత్రము ప్రెసిడెన్సీ కళాశాలకు పోవుచుండెను. అచట పెడ్లరుదొర ప్రయోగములను చూపు నేర్పు ఆతని మనస్సును దోచుకొన్నది. చూచిన దానితో తృప్తి చెందక, సహాధ్యాయి బసలో చిన్న ప్రయోగశాల యొకటి యమర్చుకొనెను. ఒకనాడు పలుచని తగరపు రేకులతో చేసికొన్న పరికరమున ఉదజని, ప్రాణవాయువులను మండింపబోగా నది ప్రేలిపోయెను. దైవవశమున నెవరికిని గాయము తగులలేదు.

ఇంతలో తండ్రిగారి యప్పులు పెరిగి ఆస్తి కరిగిపోవుచుండెను. సీమకు పోవు తాహతు కుటుంబమునకు లేదు. గిల్‌క్రైస్టు విద్యార్థివేతనమొక్కటియే దారి. ఆ పరీక్షకు లాటిను, గ్రీకు లేక సంస్కృతము, ఫ్రెంచి లేక జర్మను మున్నగు పెక్కు భాషలు రావలెను. ఆతడు రహస్యముగా చదివెను. సంగతి తెలిసిన తోటివా డొకడు ఎగతాళియు చేసెను. 1882లో దేశమంతటను ఇరువురే నెగ్గిరి: ఒకరు బొంబాయి పార్సీ యువకుడు, రెండవవాడు మన ప్రఫుల్లచంద్రుడు. సంస్కృతము కూటికి రాదని మన బడులలో వినబడు మాటకు ఇదియొక జవాబు. ఆతనిని రసాయనశాస్త్రము కొరకు సముద్రము దాటించిన విద్యలలో సంస్కృతమును ఒకటి గదా!

ఎడింబరో విశ్వవిద్యాలయమున అలెగ్జాండరు క్రమ్ బ్రౌన్ పండితుడు రసాయనాచార్యుడు. అణువులో పరమాణువు లొకదాని నొకటి యెట్లంటియుండునో వలయములతోను గీతలతోను చిత్రించి చూపిన ప్రథములలో నాయన యొకడు. ప్రయోగశాలలో దైనందిన శిక్షణమును జాన్ గిబ్సన్, లియొనార్డు డాబిన్ అను సహాయకులు నడిపెడివారు. ఇట్టి చోట క్రొత్తవాడు చేరిన వెంటనే అద్భుతములు కనుగొనడు. లవణములను కరగించి, వడకట్టి, ఎండబెట్టి, తూచి, మరల తూచును. తూనిక తప్పిన మొదటికి వచ్చును. ప్రఫుల్లచంద్రుడు ఆ చాకిరిని తపస్సుగా చేసెను. తామ్రము, మగ్నీషియము మొదలగు లోహముల గంధకితములు కలిసి స్ఫటికములైనపుడు అవి యుత్తి మిశ్రమములా, నిజమైన సంయోగములా యన్న ప్రశ్నను పట్టుకొని వ్యాసము వ్రాసి 1887లో డి.ఎస్‌సి. పట్టమును, హోప్ బహుమానమును పొందెను. నడుమ 1885లో, సిపాయి తిరుగుబాటునకు ముందు వెనుకల హిందూదేశస్థితిని గూర్చిన పోటీవ్యాసమున ఆంగ్లపరిపాలనను నిర్భయముగా విమర్శించెను. బహుమానము రాలేదు, పేరు మాత్రము వచ్చెను.

1888లో స్వదేశమునకు తిరిగివచ్చిన యీ డాక్టరునకు ఒక యేడాది దాక ఉద్యోగము లేదు. మిత్రుడు జగదీశచంద్ర వసుగారి యింట కాలము గడిపెను. విద్యాశాఖలోని యున్నతశ్రేణి తెల్లవారికే చాలవరకు మీదు కట్టబడి యుండెను. తుదకు 1889లో ప్రెసిడెన్సీ కళాశాలలో నెలకు 250 రూపాయల తాత్కాలికోద్యోగము దొరకెను. అవమానమును దిగమ్రింగి పనిలోనికి దిగెను.

1895లో, పాదరసము నధికముగా నుంచి పలుచని నత్రికామ్లమును చల్లగా పోసి యుంచగా పసుపువన్నె స్ఫటికములు పేరుకొనెను. క్షారలవణమని తొలిచూపున తోచినది. కాని ఆమ్లము నిండిన ద్రవములో క్షారలవణము పుట్టుట వింత గదా యని సందేహించి, విశ్లేషించి చూడగా నది మెర్క్యురస్ నైట్రైటు అని తేలెను. మరియొకడైన నా పసుపు పొడిని పారబోసి గిన్నె కడిగియుండును.

అదే కాలమున సొంతింట ఔషధముల తయారీ మొదలుపెట్టిరి. భాస్వరలవణములకై కసాయివాండ్రయొద్ద పశువుల యెముకలు కొని మేడమీద నెండబెట్టగా కాకులు వానిని పొరుగిండ్లపై వెదజల్లెను. పొరుగువారు మండిపడిరి. ఆ యెముకలను కాల్చి బూడిద చేసి మందులు చేసిన పనియే 1901లో బెంగాల్ కెమికల్ అను పరిమిత సంఘమైనది.

క్రమముగా ఆచార్యులవారి చుట్టును శిష్యులు చేరిరి. రసికలాల్ దత్తు, నీలరతన్ ధర్, జ్ఞానచంద్ర ఘోషు, జ్ఞానేంద్రనాథ ముఖర్జీ మున్నగువారు ఆ ప్రయోగశాలలో తయారైనవారే. బ్రహ్మచారియగు గురువునకు వారే పుత్రులు. ఇట నొక మాట. మన సంఘములు విద్యార్థులకు పరీక్షరుసుములును పుస్తకములును ఇచ్చి తృప్తిపడుచున్నవి. పట్టము పుచ్చుకొన్న పిదప మూడు నాలుగేండ్లు త్రాసుముందు కూర్చుండు పిల్లవానికి అన్నము పెట్టు దాతలు మనలో నెందరు? ఆ యేండ్లలోనే గుమాస్తా పని కొందరిని లాగుకొనిపోవుచున్నది.

హిందూ రసాయనశాస్త్ర చరిత్రను ఆచార్యులవారు 1902లోను 1909లోను రెండు సంపుటములుగా ప్రకటించిరి. రసార్ణవాది గ్రంథముల తాళపత్రములను, వ్రాతప్రతులను వెదకించి, పండితుల సాయమున పరిష్కరించి, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బెర్తెలో ప్రోత్సాహమున చేసిన కృషి యది. అందొక యధ్యాయము మనబోటివారికి చేదుగా నుండును. మేధ యొక కులమునకును, చేతిపని మరియొక కులమునకును పంచిపెట్టబడుట వలననే యీ దేశమున ప్రయోగబుద్ధి నశించినదని యాయన వ్రాసిరి. శవము నంటరాదను నిషేధము సుశ్రుతుని శస్త్రవిద్యను చంపినదనిరి. శంకరుల మాయావాదమును గూడ దోషిగా నిలిపిరి. ఆ పట్టున నే నేకీభవింపజాలను. తక్కిన మాటకు నాకు సమాధానము దొరకలేదు. కులసభ ప్రచురించు సంచికలో దీనిని దాచి ఆచార్యులవారిని పొగడుట సత్యమునకు తగదు గనుక వ్రాసితిని. ఆయన తరగతిలో కూర్చున్న మేఘనాథ సాహా అంగడివాని కుమారుడు. కలకత్తా వసతిగృహమున తోటివారు ఆతనితో పంక్తిభోజనమునకు ఒల్లకపోయిరి. నక్షత్రకాంతిని బట్టి యందలి ధాతువుల స్థితిని గణించు సూత్రమును 1920లో లోకమున కిచ్చినవా డాతడే.

1916లో ఆచార్యులవారు విశ్వవిద్యాలయ విజ్ఞానకళాశాలకు మారి, ఆ భవనముననే యొక గదిలో కాపురముండిరి. 1921లో అరువదియేండ్లు నిండగా, నాటినుండి తన జీతమంతయు రసాయనశాఖ యభివృద్ధికే విడిచిరి. 1922లో పదివేల రూపాయలిచ్చి రసాయన పరిశోధనకు బహుమాన మేర్పరచి దానికి నాగార్జునుని పేరు పెట్టిరి. శ్రీపర్వతమున రససిద్ధి పొందెనని మనవారు చెప్పుకొను నాగార్జునుడే యాతడు. 1924లో భారత రసాయన సంఘమునకు తొలి యధ్యక్షులైరి. 1936లో ఆచార్యపదవిని విడిచినను గదిని విడువలేదు. 1944వ సంవత్సరము జూన్ 16వ తేదీన ఆ గదిలోనే కన్నుమూసిరి.