నాచు మీద కూర్చున్న దొర

వానాకాలం మన నీళ్ల ట్యాంకు గోడకు పచ్చగా పడుతుందే నాచు, మనం చీపురుతో గీకి పారేస్తామే, దానికోసం ప్రపంచం చివరిదాకా వెళ్లినాయన ఒకడున్నాడు. పేరు జోసెఫ్ డాల్టన్ హుకర్. ఆయన కథ చదివాక మీకూ చెప్పాలనిపించింది.

హుకర్ 1817 జూన్ 30న ఇంగ్లండులో పుట్టాడు. తండ్రి మొక్కల శాస్త్రవేత్త. హుకర్ అయిదారేళ్లప్పుడు గ్లాస్గోలో ఒక మురికి గోడను గీకుతూ కనిపించాడంట. ఏం చేస్తున్నావంటే బ్రయం అర్జెంటియం దొరికిందన్నాడంట. అది వెండిలా మెరిసే చిన్న నాచు. ఆ వయసులో ఆ పేరు ఎట్లా పలికాడో!

తాతగారింట్లో కెప్టెన్ కుక్ ప్రయాణాల పుస్తకం ఉండేది. అందులో కెర్గ్యులెన్ అనే చలి దీవిలో నావికులు పెంగ్విన్లను కొట్టి చంపే బొమ్మ ఉంది. తనూ వెళ్లి అట్లాగే కొట్టాలని హుకర్‌కి ఆశ.

1839లో ఎరెబస్ ఓడలో చిన్న డాక్టరుగా చేరాడు. అప్పుడు 22 ఏళ్లు. 1840లో నిజంగానే ఆ దీవి చేరాడు. కుక్ మనుషులకు అక్కడ 18 మొక్కలే దొరికాయి. హుకర్ నాచులు, రాళ్లకు అంటుకునే లైకెన్లు అన్నీ కలిపి 150 రకాల దాకా పోగుచేశాడు. నేల గడ్డకట్టి ఉంటే సుత్తితో కొట్టేవాడు. అప్పటికీ రాకపోతే వాటి మీద కూర్చునేవాడు! ఒంటి వేడికి మంచు కరిగాక మెల్లగా తీసేవాడు. 1843లో ఇంకా దక్షిణాన, అంటార్కిటికా పక్కన కాక్‌బర్న్ దీవిలో కూడా నాచులు ఏరాడు.

చిన్నప్పుడు గోడ మీద చూసిన ఆ వెండి నాచు అంటార్కిటికాలో కూడా ఉంది. అక్కడ నాచు ఏడాదికి ఏ కొన్ని మిల్లీమీటర్లో పెరుగుతుంది. తొక్కితే ఏళ్ల తరబడి గుర్తు పోదు. 1991లో మాడ్రిడ్‌లో చాలా దేశాలు కలిసి ఒప్పందం రాసుకున్నాయి. 1998 నుంచి అమలైంది. అక్కడ గనులు తవ్వకూడదు, అనుమతి లేకుండా నాచు కూడా తీయకూడదు. మనుషులు కాపురముండని చోటుకే అంత కాగితం రాశారు. మన కొండలకు కూడా రాస్తే ఎంత బాగుండు.

1848లో హుకర్ మన దేశం వచ్చి సిక్కిం అడవుల్లో తిరిగాడు. చల్లగా, ఎప్పుడూ తడిగా ఉండే అడవులు. చెట్ల బోదెల నిండా నాచే. అక్కడి లెప్చావాళ్లు మనలాగే గిరిజనులు. దారి చూపించారు, మూటలు మోశారు, మొక్కలు తెచ్చిచ్చారు. హుకర్ తన పుస్తకంలో వాళ్లను మెచ్చుకున్నాడు. కానీ కొత్త రోడోడెండ్రాన్ పూలకు హాడ్జ్‌సన్, ఫాల్కనర్, థామ్సన్ అని దొరల పేర్లు పెట్టాడు. మోసినవాళ్ల పేరు ఒక్క పూవుకూ లేదు. ఇది మాత్రం నాకు నచ్చలేదు.

తర్వాత ఇంకొందరితో కలిసి మన దేశపు మొక్కల మీద ఏడు సంపుటాలు రాశాడు. 1872లో మొదలుపెడితే 1897కి అయ్యాయి. 1911 డిసెంబరు 10న, 94 ఏళ్ల వయసులో చనిపోయాడు. అంత ముసలితనంలో కూడా కాశీతుంబ జాతి మొక్కలు ముందు పెట్టుకుని పరీక్ష చేస్తూనే ఉన్నాడు.