కెనెడీ దాచిన పేరు

జాన్ ఫిట్జెరాల్డ్ కెనెడీ అనగానే మనకు గుర్తొచ్చేది నవ్వే ముఖం, ఒత్తైన జుట్టు, ఎండలో తిరిగొచ్చినట్టుండే మేనిచాయ. నలభై మూడేళ్లకే అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికై, నలభై ఆరేళ్లకే తుపాకి గుండుకు బలైపోయిన మనిషి. ఆ హత్యను గురించి పుస్తకాలు గుట్టలుగా వచ్చాయి. నేనిక్కడ చెప్పదలచింది ఆయన చావు గురించి కాదు. పదహారేళ్లపాటు ఆయన మోసిన ఒక జబ్బు గురించి, అంతకంటే ముఖ్యంగా ఆ జబ్బుకున్న పేరు గురించి.

1917 మే 29న మసాచుసెట్స్ రాష్ట్రంలోని బ్రూక్లిన్‌లో, ఐరిష్ కాథలిక్ కుటుంబంలో, తొమ్మిదిమంది పిల్లల్లో రెండోవాడుగా పుట్టాడు. కలిగిన ఇల్లే గాని ఒంట్లో సుఖం లేదు. మూడేళ్లు నిండకముందే స్కార్లెట్ జ్వరం, ఆ తర్వాత కడుపునొప్పి, నడుంనొప్పి. అయినా నౌకాదళంలో చేరాడు. 1943 ఆగస్టులో సాలమన్ దీవుల దగ్గర ఆయన నడిపే పీటీ-109 పడవను ఒక జపాన్ యుద్ధనౌక గుద్ది రెండు ముక్కలు చేసింది. గాయపడిన నావికుడి లైఫ్ జాకెట్ పట్టీని పళ్లతో కరిచి పట్టుకుని, గంటల తరబడి ఈది, అతన్ని ఒడ్డుకు చేర్చాడు. ఆ వీరగాథ వెన్నంటి రాగా, 1946లో ప్రతినిధుల సభకు ఎన్నికయ్యాడు.

మరుసటి ఏడాదే అసలు దెబ్బ తగిలింది. 1947లో ఐర్లండు వెళ్లి, లండన్ చేరుకునేసరికి కుప్పకూలిపోయాడు. పరీక్షించిన డాక్టరు అది ఎడిసన్ వ్యాధి అని తేల్చి, ఏడాది మించి బతకడని ఆయన స్నేహితురాలితో చెప్పాడు. క్వీన్ మేరీ ఓడలో తిరిగొస్తున్నప్పుడు, పోతాడనుకుని మతగురువు చేత అంత్యసంస్కారం కూడా జరిపించారు. లోకానికి చెప్పింది మాత్రం మలేరియా తిరగబెట్టిందని! యుద్ధకాలంలో ఆయనకు మలేరియా వచ్చిన మాట నిజమే గనక అందరూ నమ్మారు. చూడండి, మలేరియా అంటే సైనికుడి జబ్బు. దాని వల్ల పరువుకు లోటు లేదు.

ఇంతకీ ఈ ఎడిసన్ ఎవరు? బల్బు కనిపెట్టిన ఎడిసన్ కాదు. లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో పనిచేసిన థామస్ ఎడిసన్ అనే వైద్యుడు. మూత్రపిండాల నెత్తిన టోపీల్లా కూర్చుండే ఎడ్రినల్ గ్రంథులు చెడిపోతే మనిషి నీరసించి, చర్మం నల్లబడి చచ్చిపోతాడని 1855లో 11 మంది రోగుల వివరాలతో పుస్తకం రాశాడు. వారిలో చాలామందికి ఆ గ్రంథుల్ని తినేసింది క్షయ. అంచేత ఎడిసన్ పేరుకు రెండు మాటలు అతుక్కుపోయాయి: ఒకటి క్షయ, రెండోది చావు.

శాస్త్రం అక్కడే ఆగలేదు. మనల్ని కాపాడవలసిన రక్షకశక్తే పొరపడి సొంత గ్రంథుల మీద దాడి చేయడం వల్ల కూడా ఈ జబ్బు వస్తుందని 1950ల్లో ఆధారాలు దొరకసాగాయి. కంచే చేను మేయడమన్న మాట! దీన్నే ఆటో ఇమ్యూన్ జబ్బు అంటారు. కెనెడీది ఈ రకమేనని నేటి వైద్యుల్లో చాలామంది అభిప్రాయం. 1955లో థైరాయిడ్ కూడా మందగించినట్టు తేలడం, చెల్లెలు యూనిస్‌కు కూడా ఎడిసన్ వ్యాధే ఉండటం అందుకు బలమిస్తున్నాయి. వైద్యమూ మారింది. మొదట్లో తొడ చర్మం కింద హార్మోను బిళ్లలు పెట్టేవారు. తర్వాత కార్టిజోన్ వచ్చింది. రోజూ మందు పుచ్చుకుంటే ఏళ్ల తరబడి బతకవచ్చు, పని చేసుకోవచ్చు. జబ్బు స్వభావం మారిపోయింది గాని, జనం మనసులో దాని పేరు మాత్రం 1855లోనే ఉండిపోయింది.

1954 అక్టోబరులో న్యూయార్క్‌లో ఆయన వెన్నుకు ఆపరేషన్ జరిగింది. ఎడ్రినల్ జబ్బున్నవాడికి కత్తి పెట్టడం ప్రాణగండం. చీముపట్టి, స్పృహ తప్పి, మళ్లీ మతగురువు రావలసి వచ్చింది. 1955లో ఒక వైద్య పత్రికలో, ఎడిసన్ వ్యాధి ఉన్న 37 ఏళ్ల రోగికి ఇటువంటి ఆపరేషనే చేసిన వైనం పేరు లేకుండా అచ్చయింది. ఆ రోగి కెనెడీయేనని 1967లో గాని మరో వైద్యుడు తేదీలు పోల్చి బయటపెట్టలేదు. మంచం మీదున్న ఆ రోజుల్లోనే తయారైన పుస్తకం 'ప్రొఫైల్స్ ఇన్ కరేజ్'. పదవి పోయినా సరేనని అంతరాత్మకు కట్టుబడ్డ సెనేటర్ల కథలవి. 1957లో దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది.

ఇక 1960 వేసవి. పార్టీ అభ్యర్థిత్వానికి పోటీపడుతున్న జాన్సన్ పక్షంవారు కెనెడీకి ఎడిసన్ వ్యాధి ఉందని బయటపెట్టారు. కెనెడీ పక్షం జవాబు ఎంత తెలివైనదో గమనించండి. క్షయ వల్ల ఎడ్రినల్ గ్రంథులు నాశనమవడాన్నే సంప్రదాయంగా ఎడిసన్ వ్యాధి అంటారు, అది ఆయనకు లేదు, ఉన్నదల్లా కాస్త ఎడ్రినల్ మందకొడితనం, అదీ యుద్ధంలో పడ్డ పాట్ల ఫలితం అన్నారు. విడిగా చూస్తే క్షయ లేదన్న ముక్క నిజమే. మొత్తంగా చూస్తే అబద్ధం. పాత పేరు వెనక కొత్త జబ్బును దాచేశారు. నవంబరులో గెలిచాక ఆయనే స్వయంగా ఆ వ్యాధి తనకెప్పుడూ లేదనేశాడు. సెప్టెంబరు 26న టెలివిజన్ చర్చలో పాలిపోయిన నిక్సన్ పక్కన కెనెడీ చాయ నిగనిగలాడింది. ఎండలో తిరిగిన మాటా నిజమే కావచ్చు. కాని చర్మం రంగు తేలడం ఆ వ్యాధి లక్షణం కూడా. జబ్బు గుర్తును జనం ఆరోగ్యపు గుర్తుగా చదువుకున్నారు!

మరి ఆయన చేసింది తప్పా? రోగిగా ఆయన మీద నాకు జాలే. పేరు చెప్పిన మరుక్షణం ఓటర్లకు వినిపించేది చావు గంటే గాని కార్టిజోన్ మాట వినిపించదు. కాని దేశాధ్యక్ష పదవి కోరేవాడిగా ఆయన్ని వెనకేసుకు రాలేను. నిజం తెలుసుకుని ఓటు వేసే హక్కు జనానిది. పైగా ఆయన నోరు విప్పి ఉంటే, ఈ జబ్బుతో పని చేసుకుంటూ బతకవచ్చని లోకానికి ఒక్కరోజులో తెలిసేది. అదే జబ్బుతో బాధపడే అనామకులకు ఎంత ధైర్యం వచ్చేది!

దూరపు దేశం మాట అని మనం తీసిపారేయనక్కర్లేదు. బొల్లి కూడా రక్షకశక్తి తిరగబడటం వల్ల వచ్చేదే, అంటుకునేది కాదు. కాని శ్వేతకుష్టు అన్న పాత పేరు ఎన్ని పెళ్లిసంబంధాలు చెడగొట్టిందో! చిన్నవయసులోనే చేతివేళ్లు బిగుసుకుపోయే ఆటో ఇమ్యూన్ జబ్బునూ, ముసలితనపు మోకాళ్ల నొప్పినీ మనం కీళ్లవాతం అనే ఒకే గాటన కట్టేస్తాం. దాంతో పాతికేళ్ల పిల్ల నొప్పి అంటే ఎవరూ నమ్మరు.

1963 నవంబరు 22న డల్లాస్ ఆసుపత్రిలో, ఆశ లేని ఆ నిమిషాల్లో కూడా, ఆయన సంగతి తెలిసిన డాక్టర్లు 300 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిజోన్ ఇప్పించారు. శవపరీక్ష నివేదికలో మాత్రం ఎడ్రినల్ గ్రంథుల ఊసే లేదు. అవి దాదాపు లేనట్టేనని అక్కడున్న వైద్యుల ద్వారా 1992లో గాని వెల్లడి కాలేదు. 2002లో చరిత్రకారుడు రాబర్ట్ డాలెక్ వైద్య రికార్డులు చూసి రాసేదాకా పూర్తి కథ జనానికి అందనేలేదు.

పడవ మునిగిన రాత్రి సముద్రానికి జంకని మనిషి, ఒక పేరుకు జంకాడు. ఆ జంకులో సగం పాపం ఆయనదైతే, తక్కిన సగం ఆ పేరు వినగానే మనిషిని కొట్టిపారేసే లోకానిది. డాక్టర్లు, లెక్చరర్లు, పత్రికలవాళ్లు కాబోయే మన విద్యార్థులు, ఒక జబ్బు పేరు పలికేముందు దానికి ఈనాడున్న అర్థమేమిటో కూడా తోటివారికి విడమర్చి చెబితే, ఆ రెండో సగమైనా తగ్గుతుంది.