రవీంద్రనాథ ఠాకూరుగారు: కొట్టివేతలనుండి పుట్టిన చిత్రములు

విశ్వకవియని ప్రఖ్యాతిగాంచిన రవీంద్రనాథ ఠాకూరుగారు 1861వ సంవత్సరము మే నెల 7వ తేదీన కలకత్తా నగరమునందలి జోడాసాంకో భవనమున జన్మించిరి. మహర్షి దేవేంద్రనాథులు వారి తండ్రి. 1901వ సంవత్సరమున శాంతినికేతనమున పాఠశాలను స్థాపించుటయు, 1913వ సంవత్సరమున నోబెల్ బహుమానము నందుటయు లోకవిదితములే. అయితే ఆ మహాకవి వృద్ధాప్యమున చిత్రకారుడైన విధమును కొందఱే యెఱుగుదురు.

చిత్రలేఖనమునందు వారికి చిరకాలమునుండి ఆసక్తి గలదు. సమీపబంధువులగు అవనీంద్రనాథుడును గగనేంద్రనాథుడును పేరుపొందిన చిత్రకారులైరి. రవీంద్రులకు మాత్రము చేయి స్వాధీనము కాలేదు. 1900వ సంవత్సరమున మిత్రులగు జగదీశచంద్ర బోసుగారికి వ్రాసిన జాబులో, తాము పెన్సిలుకంటె రబ్బరునే హెచ్చుగా వాడుచున్నట్లు తెలిపిరి. రబ్బరు తప్పును జాడ లేకుండ తుడిచివేయును. దానితోపాటు ఆ తప్పునుండి పుట్టదగినదియు నశించును.

కవిత్వమట్లు గాదు. వారు దానిని సిరాతో వ్రాయుచుండిరి. నచ్చని మాటను కొట్టివేయవలసినదేగాని చెఱుపుటకు వీలులేదు. ఆ కొట్టివేతలు పుటపై వికారముగా నిలిచియుండుట వారు సహింపలేకపోయిరి. అందుచే నొక మచ్చను వేఱొక మచ్చతో గీతలచే కలుపుచు, వానికొక పొందిక కల్పింపసాగిరి. అట్లు కలుపగా నొకచోట పక్షిముక్కు, ఒకచోట వింతమృగము, మఱియొకచోట మానవముఖము పొడసూపెను. ఏది రానున్నదో గీయువారికే ముందుగా తెలియదు. మాటలను శాసించిన కవి, గీతలు నడపిన త్రోవను తాను నడచెను.

1924వ సంవత్సరమున వారు పెరూ దేశమునకు బయలుదేరి, త్రోవలో జబ్బుపడి, అర్జెంటీనాలో నిలిచిపోవలసివచ్చెను. అక్కడ విక్టోరియా ఒకాంపో అను విదుషి వారికి ఆతిథ్యమొసగెను. ఆ విశ్రాంతికాలమున వ్రాసిన పద్యములు తరువాత 'పూరబి' యను గ్రంథమున చేరినవి. ఆ వ్రాతప్రతిలోని చిత్రవిచిత్రములగు కొట్టివేతలను చూచి ఆమె మిక్కిలి ముగ్ధురాలయ్యెను. యాత్రకు కలిగిన విఘ్నమే యీ విధముగా మేలయ్యెను. 1930వ సంవత్సరము మే నెలలో పారిస్ నగరమున రవీంద్రుల చిత్రములు మొదటిసారి ప్రదర్శింపబడుటకు ఆమెయే తోడ్పడెను.

అప్పటికి వారి వయస్సు దాదాపు డెబ్బది యేండ్లు. చిత్రకళను ఏ గురువునొద్దను క్రమముగా నభ్యసించినవారు కారు. అయినను జంకక, కవిగా నార్జించిన కీర్తి చాటున దాగక, తమ చిత్రములను లోకము ముందుంచిరి. తరువాత బెర్లిన్, మాస్కో మొదలగు నగరములందును అవి ప్రదర్శింపబడినవి. 1941వ సంవత్సరము ఆగస్టు 7వ తేదీన కీర్తిశేషులగునాటికి వారు రెండువేలకు పైగా చిత్రములు రచించియుండిరి. వానిలో పెక్కింటికి పేరైనను పెట్టలేదు.

విద్యార్థులారా! కొట్టివేతలు మన పుస్తకములందును కలవు. అవి కొట్టివేతలుగానే యుండిపోవుచున్నవి. తప్పు తనంతట తాను కళ కానేరదు. దానిని చూచి సిగ్గుపడి పుటను చింపివేయక, ఓర్పుతో పరికించు కన్నును, పొందిక నెఱిగిన చేయియు కావలయును. అఱువదియేండ్ల కవితాసాధన రవీంద్రులకా రెంటిని ప్రసాదించెను. కాబట్టియే, చేజాఱిన గీత వారి చేతిలో చిత్రమయ్యెను.